ప్రాణవాహకుల కష్టములు

మన ప్రాచీన వైద్యాచార్యులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి: ఈ నాలుగును గుణవంతములై యున్నప్పుడే వ్యాధి నయమగునని చరకసంహిత నిర్ణయించినది. ఆ కాలమున వైద్యుడు గ్రామముననే యుండెను. పిలిచినచో రోగి మంచమువద్దకు వచ్చుచుండెను. నేడట్లు కాదు. వైద్యుడును, యంత్రములును, రక్తనిధియును నగరమున చేరినవి. రోగియే వానియొద్దకు పోవలసియున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవాసికి ఆ దారి ఇంచుమించు నూరు కిలోమీటర్లు. ఆ నూరు కిలోమీటర్లను రాత్రియనక పగలనక దాటించువాడు చికిత్సకు ఐదవ పాదమైనాడు. ఐనను వానిని గూర్చి శాసనకర్తలు అంతగా ఆలోచింపలేదు. పత్రికలవారమైన మేమును, వాడు అధిక కిరాయి అడిగినప్పుడు వానిని నిందించుటకు తప్ప వాని మాట తలపెట్టలేదు. నేడు ప్రైవేటు అంబులెన్సులపై పనిచేయు ఆ డ్రైవర్లను, సహాయకులను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

పాఠకులలో వయోవృద్ధులకు ఎడ్లబండి పై పరుపు వేసి రోగిని తాలూకా దవాఖానాకు తీసికొనిపోయిన దినములు జ్ఞాపకముండును. నల్లమలలో చెంచుపెంటల వారికి నేటికిని డోలీయో, నలుగురి భుజములో శరణ్యమగు సందర్భములు కలవు. ఇట్టి స్థితిలో 2005 ఆగస్టు 15వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 సేవ ప్రారంభమగుట మన ప్రజాజీవితమున ఒక గొప్ప సంఘటన. సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు స్థాపించిన సంస్థ ఈ సేవను నడపెను. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల గుట్టు బయటపడినపిమ్మట జీవీకే సంస్థ దానిని చేపట్టెను. యజమాని మారినను బండ్లు ఆగలేదు. ఏలయన నడపు ఖర్చులో సింహభాగము ప్రభుత్వ ఖజానానుండి వచ్చుచుండెను. ప్రజాధనము వెనుక నిలిచిన సేవ ఒక ధనికుని పతనముతో పతనము కాదనుటకు ఇది మంచి నిదర్శనము.

ఐతే 108 చేయు పనికి హద్దు కలదు. ప్రమాదము జరిగిన చోటినుండియో, ప్రసవవేదన కలిగిన ఇంటినుండియో రోగిని ఎక్కించుకొని తగిన దవాఖానాకు చేర్చుట దాని ముఖ్యధర్మము. జిల్లాకేంద్రమునుండి బంధువులు కోరిన నగర దవాఖానాకు రోగిని మార్చుట, చికిత్స ముగిసినపిమ్మట కదలలేని రోగిని ఇల్లు చేర్చుట, మరణించినవారి దేహమును స్వగ్రామమునకు కొనిపోవుట, ఈ మూడు పనులును ప్రధానముగా దాని పరిధికి వెలుపలివి. మృతదేహములకై ప్రభుత్వ దవాఖానాలయందు ఉచిత వాహనములను 2016లో ఏర్పరచిరి. గర్భిణుల రాకపోకలకు 102 వాహనములు కలవు. ఇవి మెచ్చదగిన ఏర్పాటులే. కాని ప్రైవేటు ఆసుపత్రిలో కన్నుమూసినవారికి, వేళకు ఉచిత వాహనము దొరకనివారికి దిక్కెవరు? దవాఖానా గేటు వెలుపల వేపచెట్టు నీడన వరుసగా నిలిచియుండు ప్రైవేటు బండ్లే దిక్కు.

ఈ ఉభయ జిల్లాల భౌగోళికస్థితి కూడ ఈ బండ్ల సంఖ్యను పెంచినది. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలయ్యెను: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ అదే దినమున నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేటతో ఐదయ్యెను. మొదటి సీమగుండా హైదరాబాదు విజయవాడ మార్గమగు 65వ జాతీయరహదారి చౌటుప్పల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడలమీదుగా పోవుచున్నది. రెండవదాని గుండా బెంగుళూరు మార్గమగు 44వ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరులమీదుగా కృష్ణను దాటుచున్నది. రెండు రహదారులును రేయింబవళ్లు పరుగెత్తునవే. రెంటియందును ప్రమాదములు నిత్యకృత్యములే. మహబూబ్‌నగరున 2016లోను, నల్లగొండ సూర్యాపేటలయందు 2019లోను, వనపర్తి నాగర్‌కర్నూలులయందు 2022లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసెను. బీబీనగరున ఎయిమ్స్ వచ్చినది. ఇవి పెద్ద మార్పులు, కాదనము. కాని భవనము లేచినంతనే నరముల శస్త్రవైద్యుడు, రాత్రివేళ నడచు స్కానింగు యంత్రము, ఖాళీగానున్న వెంటిలేటరు లభింపవు. తలకు గాయమైనవానిని చూచి, కట్టు కట్టి, సెలైను పెట్టి, "పట్నం తీసికపోండి" అను మాట నేటికిని మన దవాఖానాలలో వినబడుచున్నది. ఆ మాట వెలువడిన క్షణమునుండి రోగి భారము వైద్యునిది కాక డ్రైవరుదగుచున్నది.

ఆ డ్రైవరు ఎవడు? అధికముగా పల్లెలనుండి వచ్చిన చిన్నరైతుల కొడుకులు. బోరు ఎండి, చేను పడావుపడి, ట్రాక్టరో ఆటోయో నడపి, కడకు ఈ పనికి చేరినవారు. కొందరు స్వంతబండివారు: పాత బండిని ఫైనాన్సుపై తీసికొని, స్ట్రెచరు బిగించి, ఆక్సిజను సిలిండరు పెట్టి, నెలనెలా కిస్తు కట్టుచుందురు. తక్కినవారు యజమాని బండిపై ట్రిప్పునకింత అని బత్తాకు పనిచేయుదురు. ట్రిప్పు లేని దినమున బత్తా లేదు. బత్తా లేకున్నను గేటువద్ద కావలి యుండవలసినదే. రాత్రి బండిలోనే, రోగి పడుకొను స్ట్రెచరుమీదనే నిద్ర. ఫోను మ్రోగినచో లేవవలెను. ఒకనాడు ఒక జిల్లాకేంద్రమున అట్టి డ్రైవరుతో మేము సంభాషించితిమి. "సార్, మాకు ఆదివారము లేదు, పండుగ లేదు. దసరానాడు తాగి పడ్డోళ్ల గిరాకే ఎక్కువ" అనెను. హాస్యముగా ననెను గాని దానిలో హాస్యము లేదు.

పని స్వరూపమును పాఠకులు ఒకపరి ఊహింతురుగాక. అర్ధరాత్రివేళ రోగిని ఎక్కించిరి. బండిలో వైద్యుడు లేడు. శిక్షణ పొందిన సహాయకుడును తరచు లేడు. రోగి తల్లియో భార్యయో సెలైను సీసా ఎత్తిపట్టుకొని కూర్చుండెను. ఆక్సిజను ఎంతసేపు వచ్చునో డ్రైవరు ఎక్కకముందు లెక్క వేసికొనవలెను. దారిలో సిలిండరు అయిపోయినచో రహదారి పక్కన మరియొకటి దొరకదు. వెనుక బంధువుల రోదనము. ముందు లారీల వరుస. వేగముగా పోనిమ్మని ఒకడు, కుదుపవద్దని మరియొకడు అరచుచుందురు. టోలుగేటువద్ద అంబులెన్సునకు రుసుము లేదని 2008 నాటి జాతీయరహదారుల రుసుము నియమములు చెప్పుచున్నవి. కాని ముందు నిలిచిన కార్ల వరుస తొలగవలెను గదా. నగరము చేరినపిమ్మట మొదటి దవాఖానాలో మంచము లేదందురు; రెండవదానికి పోవలెను; అచ్చట ముందుగా సొమ్ము కట్టుమందురు. కడకు రోగిని దింపి, బండిలోని నెత్తురు తానే కడుగుకొని, తెల్లవారుజామున ఒంటరిగా నూరు కిలోమీటర్లు తిరిగివచ్చుచు రెప్పవాల్చినచో ఆ డ్రైవరే మరుసటినాటి ప్రమాదవార్త యగును. అంటువ్యాధి సోకినచో ఆ రోగమును ఇంటికి కొనిపోవును. రోగి దారిలో చనిపోయినచో బంధువులలో దుఃఖావేశపరుడు చేయి చేసికొన్నను ఆశ్చర్యము లేదు. చనిపోయినవానికై కిరాయి అడుగుటకు మనసొప్పదు. అడుగకున్నచో యజమాని ఒప్పుకొనడు.

మహబూబ్‌నగరు సీమకు మరియొక ప్రత్యేకదుఃఖము కలదు. పాలమూరు కూలీలు తరతరములుగా బొంబాయి, పూనాలకు వలసపోవుచున్నారు. కట్టడముపైనుండి పడియో, రోగముననో అచ్చట మరణించిన కూలీ దేహము ప్రైవేటు బండిలో రెండు రాష్ట్రములు దాటి నారాయణపేటకో మక్తలుకో చేరును. ఆ కిరాయి కొరకు తోడి కూలీలు చందా వేసికొందురు. బ్రదికినన్నాళ్లు బస్సు టిక్కెట్టుకు వెదకికొన్నవాడు చనిపోయినపిమ్మట జీవితమున ఎన్నడును చూడని కిరాయిచ్చి ఇల్లు చేరుచున్నాడు. దీనికంటె విషాదమేమి కలదు? ఐనను ఈ కార్యమును ఆ డ్రైవరు తప్ప చేయువాడెవడును లేడు.

గడచిన రెండు సంఘటనలు ఈ పనివారి విలువను మనకు తెలుపవలసియుండెను. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న ప్రైవేటు బస్సు కొత్తకోట సమీపమున పాలెము వద్ద అగ్నికి ఆహుతి కాగా 45 మంది దగ్ధులైరి. ఆ దినమున దేశమంతయు బస్సు నిర్మాణమును గూర్చియు, కల్వర్టు గోడను గూర్చియు చర్చించినది. అట్టి రహదారిపై ఒకేసారి పదిమంది గాయపడినచో వారిని ఎక్కించుకొను బండ్లెన్ని, అవి ఎచ్చట నిలిచియున్నవి, వానిని పిలువవలసిన వాడెవడు అను ప్రశ్న మాత్రము చర్చలో వెనుకబడెను. ప్రభుత్వబండ్లు, ప్రైవేటుబండ్లు, రహదారి సంస్థవారి బండ్లు: మూడును వేరువేరు నంబరులపై, వేరువేరు యజమానులక్రింద నడచినచో ఆపత్కాలమున ఒకదాని సంగతి మరియొకదానికి ఎట్లు తెలియును?

రెండవది కోవిడు కాలము. 2021 మే 10వ తేదీనుండి ఆంధ్రప్రదేశమునుండి రోగులతో వచ్చు అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులయందు ఆపిరి. గద్వాల జిల్లాలో పుల్లూరు టోలుగేటువద్దను, కోదాడ సమీపమున రామాపురము వద్దను బండ్లు బారులుదీరెను. ముందుగా మంచము కుదుర్చుకొన్నట్లు రుజువును, అధికారుల అనుమతియు చూపవలెనని ఉత్తరువు. లోపల సిలిండరు తరుగుచున్నది. వెలుపల కాగితముల పరీక్ష జరుగుచున్నది. మే 11న ఉన్నతన్యాయస్థానము ప్రభుత్వమును నిలదీసి, 14వ తేదీన ఆ ఉత్తరువును నిలుపుదల చేసెను. న్యాయము జరిగెనని సంతసించితిమి. కాని ఆ దినములలో పోలీసునకును రోగికిని నడుమ నిలిచి, ముందుకు పోలేక వెనుకకు మరలలేక, వేడికి ఉడుకు బండిలో కూర్చున్న డ్రైవరును ఎవడైన తలచెనా? విచిత్రమేమన, అలంపురమువారికి దగ్గరి పెద్ద దవాఖానా కర్నూలునందున్నది. ఆ సరిహద్దును వారు ఎన్నడును సరిహద్దుగా తలపలేదు. రోగమునకు రాష్ట్రము లేదు. రోగిని మోయు బండికిని ఉండరాదు.

ఇంతవరకు ఈ పనివారి పక్షమున పలికితిమి. వారి దోషములను దాచుట మా అభిమతము కాదు. ఆపదలోనున్నవానివద్ద రెట్టింపు కిరాయి గుంజుట, బంధువులు కోరిన ఆసుపత్రికి కాక తమకు కమీషను ఇచ్చు ఆసుపత్రికి మరలించుట, గేటువద్ద గుంపుగట్టి వెలుపలి బండిని రానీయకుండుట, ఈ దురాచారములు గలవని అందరెరుగుదురు. 2022 ఏప్రిలులో తిరుపతి రుయా ఆసుపత్రివద్ద జరిగిన దారుణమును ఎవరు మరువగలరు? మరణించిన బాలుని దేహమును తీసికొనిపోవుటకు అచ్చటి అంబులెన్సువారు పెద్దమొత్తము అడిగిరి. తక్కువకు వచ్చిన వెలుపలి బండిని అడ్డగించిరి. నిరుపేదయగు తండ్రి కుమారుని కళేబరమును మోటారుసైకిలుపై సుమారు 90 కిలోమీటర్లు మోసికొనిపోయెను. ఆ పాపమును ఏ వాదముచేతను కడుగజాలము. దోషులు శిక్షార్హులే.

కాని శిక్షతో పని ముగిసినదనుకొనుట పొరపాటు. ఈ వ్యాపారము యొక్క లెక్కను చూచినగాని రోగమూలము తెలియదు. పట్నమునకు పోవుట నూరు కిలోమీటర్లైనచో తిరుగుట నూరు. తిరుగుప్రయాణమున బండి ఖాళీ. ఆ డీజిలు కూడ పోయిన రోగి నెత్తినే పడును. ట్రిప్పు లేని దినములకును కిస్తు, ఇన్సూరెన్సు, టైర్లు, ఫిట్‌నెస్ ఖర్చులు ఆగవు. అవియును ట్రిప్పు దొరికిననాడే రావలెను. బేరము దొరకుటకు వార్డులో సమాచారమిచ్చువానికి వాటా ఇయ్యవలెను. ఆ వాటాయును రోగి కిరాయిలోనిదే. రోగిని చేర్చినందుకు కొన్ని ఆసుపత్రులు కమీషను ఇచ్చునని వాడుక. ఆ కమీషను రోగి బిల్లులోనుండి కాక మరియెచ్చటినుండి వచ్చును? కావున డ్రైవరు చేతికి అందిన రూపాయిని చూచి మనము దొంగ యనుచున్నాము గాని, ఆ రూపాయి చేరిన తక్కిన చేతులను చూచుట లేదు. గేటువద్ద ఎండలో నిలిచినవానిని పట్టుకొనుట సులభము. చల్లనిగదిలో కూర్చుండి కమీషనిచ్చువానిని పట్టుకొనుట కష్టము. మన పాలనాయంత్రము సులభమైనదానినే ఎన్నుకొనుచున్నది.

చట్టములు లేవా యనినచో కలవు. అంబులెన్సు ఎట్లుండవలెనో నిర్ణయించు ఎ.ఐ.ఎస్. 125 అను ప్రమాణమును కేంద్రప్రభుత్వము 2018 ఏప్రిలునుండి క్రొత్తబండ్లకు వర్తింపజేసెను. అందు నాలుగు తరగతులు: మొదట చేరి ప్రథమచికిత్స చేయునది, రోగిని కేవలము మోయునది, ప్రాథమిక ప్రాణరక్షణ సాధనములు గలది, ఉన్నత ప్రాణరక్షణ సాధనములు గలది. కాని సైరను వినబడినంతనే అన్ని బండ్లును ఒకటే యని రోగి బంధువు తలచుచున్నాడు. కేవలము మోయుబండిలో వెంటిలేటరు కావలసిన రోగిని ఎక్కించినచో ఆ తప్పు ఎవరిది? తెలియక ఎక్కించినవానిదా? తెలిసియు చెప్పనివానిదా? బండిపై తరగతిని తెలుగున పెద్దయక్షరములతో వ్రాయించనివానిదా?

అంబులెన్సునకు దారి ఇయ్యనివానికి ఆరునెలలవరకు ఖైదు గాని, పదివేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని 2019లో మోటారువాహనముల చట్టమునకు చేసిన సవరణ చెప్పుచున్నది. గాయపడినవానికి పోలీసు లాంఛనములకై వేచియుండక తక్షణచికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. రహదారి ప్రమాదబాధితునకు ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల మేరకు సొమ్ము చెల్లింపకయే చికిత్స జరుగు పథకమును కేంద్రప్రభుత్వము 2025 మేలో ప్రకటించెను. కోవిడు రోగులను తరలించు అంబులెన్సులకు న్యాయమైన కిరాయిని రాష్ట్రములు నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరు 11న ఆదేశించెను. కోవిడునాడు న్యాయమైనది గుండెపోటునాడు అన్యాయమగునా? ఆ సూత్రమును సర్వకాలములకు వర్తింపజేయుట రాష్ట్రప్రభుత్వము చేతిలోని పని.

ఇక పనివాని సంగతి. 1961 నాటి మోటారురవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనియని శాసించెను. ఐతే అది ఐదుగురు లేక అంతకు మించిన పనివారు గల సంస్థలకే వర్తించెను. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన క్రొత్త వృత్తిభద్రతా స్మృతిలో ఆ చట్టము లీనమైనది. క్రొత్త స్మృతిలో ఆ హద్దు పదిమందియైనది. మన జిల్లాల అంబులెన్సు యజమానులలో ఒకటి రెండు బండ్లవారే అధికులు. నాడు ఐదుగురు లేనందున చట్టమునకు అందనివాడు నేడు పదిమంది లేనందున మరింత దూరమైనాడు. లారీ డ్రైవరు నిద్రపోయినచో సరకు పోవునని భయపడి యజమాని ఇద్దరిని పెట్టును. ప్రాణములు మోయు బండికి ఒక్కడే చాలునను న్యాయము ఎట్టిదో మాకు బోధపడుట లేదు.

ఈ సమస్యకు రెండు సులభ పరిష్కారములు వినబడుచున్నవి. ప్రైవేటు బండ్లనన్నిటిని తొలగించి ప్రభుత్వమే నడపవలెనని కొందరందురు. ఆదర్శముగా మాకును అదే ఇష్టము. కాని ఆ శుభదినమువరకు గేటువద్ద నిలిచిన రోగి ఆగలేడు. ప్రభుత్వబండ్లు చాలునంతవరకు ఈ బండ్లను తొలగించుట నదిని పూడ్చకయే పడవను తగులబెట్టుట వంటిది. వ్యాపారమును దాని దారిన వదలినచో పోటీచే ధర తానే తగ్గునని మరికొందరి వాదము. బియ్యము కొనువాడు నాలుగు దుకాణములు తిరుగును. కొడుకు ఊపిరాడక కొట్టుకొనుచుండగా నాలుగు బండ్లను బేరమాడు తండ్రిని మేము చూడలేదు. బేరమాడు స్వాతంత్ర్యము లేనిచోట పోటీ లేదు. దోపిడి యొక్కటే కలదు.

కావున మా సూచనలు ఇవి. ప్రతి జిల్లాలోను ప్రైవేటు అంబులెన్సులన్నిటిని తరగతివారీగా నమోదుచేసి, కలెక్టరు అధ్యక్షతన వైద్య, రవాణా, పోలీసు అధికారులును, డ్రైవర్ల ప్రతినిధులును గల సంఘము కిరాయిలను నిర్ణయింపవలెను. ఆ కిరాయి తిరుగుప్రయాణపు ఖర్చును, వేచియుండు కాలమును లెక్కించి న్యాయముగా నుండవలెను. కడుపు నిండని ధర కాగితముపైననే యుండును. ఆ పట్టికను ప్రతి దవాఖానా ద్వారమువద్ద తెలుగు, ఉర్దూ భాషలయందు వ్రాసి పెట్టవలెను. వరుసక్రమమున బండిని పంపి, సొమ్ము రసీదుపై తీసికొను ప్రీపెయిడు కౌంటరును జిల్లా దవాఖానాలయందు తెరచినచో వాటాదారులకు తావుండదు. నమోదైన ప్రైవేటుబండ్లను 108 కేంద్రముతో కలిపినచో పాలెము వంటి విపత్తునాడు ఒకే పిలుపునకు అన్నియు కదలును. నిరుపేద రోగి కిరాయిని ప్రభుత్వము నేరుగా చెల్లింపవచ్చును. ప్రతి డ్రైవరునకు ప్రథమచికిత్సలో శిక్షణ, సహాయకుడు, టీకాలు, ప్రమాదబీమా, రెండు దూరప్రయాణముల నడుమ తప్పనిసరి విశ్రాంతి ఏర్పరుపవలెను. దవాఖానా ఆవరణమున వారికొక గది, నీటికుళాయి, బండి కడుగు చోటు ఇచ్చుటకు ఖజానా ఎండిపోదు. కమీషను ఇచ్చు ఆసుపత్రిని, పుచ్చుకొను బండిని సమానముగా శిక్షింపవలెను.

పాఠకులయొద్దను మాకొక మనవి కలదు. మన జిల్లాలలో కలిగినవారు తలిదండ్రుల జ్ఞాపకార్థము అంబులెన్సును విరాళమిచ్చుట కలదు. ప్రశంసనీయమైన దానము. బండిపై పేరు వ్రాయింతురు, రిబ్బను కత్తిరింతురు, ఫోటో పత్రికలకు పంపుదురు, మేమును ప్రకటింతుము. ఏడాది తిరుగకముందే డ్రైవరు జీతమునకు, డీజిలుకు దిక్కులేక ఆ బండి ఒక షెడ్డులో తుప్పుపట్టుచుండుట కూడ మేము చూచితిమి. దాతలారా! బండినిచ్చుటతోపాటు డ్రైవరు జీతమునకు ఒక ఎకరము కౌలునో, బ్యాంకులో కొంత నిలువసొమ్మునో కేటాయింపుడు. గుడికి మాన్యమిచ్చిన మన పెద్దలు దీపమునకు నూనెయు, అర్చకునకు భృతియు కూడ ఏర్పరచిరి గదా. గ్రామపంచాయతీలు సమీపపు బండ్ల నంబర్లను, తరగతులను, కిరాయిలను చావడి గోడపై వ్రాయింపవచ్చును. రహదారిపై సైరను విన్నప్పుడు మన కారు పక్కకు తొలగుటకు ఏ ఖజానాయు అక్కరలేదు.

1899లో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరుగునపుడు గాంధీమహాత్ముడు భారతీయ అంబులెన్సు దళమును సమకూర్చెను. సుమారు 1,100 మంది గాయపడినవారిని స్ట్రెచర్లపై మైళ్లకొలది మోసిరి. వారిలో మున్నూరుమంది తప్ప తక్కినవారెల్లరు ఒప్పందపు కూలీలు. నాయకుల పేర్లు చరిత్రకెక్కినవి. ఆ ఎనిమిదివందలమంది కూలీల పేర్లు మనకు తెలియవు. మోయబడినవానిని, మోయించినవానిని తలచి, మోసినవానిని మరచుట లోకమునకు పాత అలవాటు. ఆ అలవాటు మన జిల్లాలలోనైన మానవలసిన కాలము వచ్చినది. నేటి రాత్రియు నార్కట్‌పల్లి దారిలోనో, జడ్చర్ల దారిలోనో ఒక బండి నిద్రలేని కన్నులతో పోవుచుండును. అందున్న ప్రాణము మనవారిదే కావచ్చును. ఆ కన్నులకు విశ్రాంతియు, ఆ చేతులకు న్యాయమైన కూలియు కల్పించుట దయ కాదు. మన ప్రాణములను మనము రక్షించుకొనుటయే. ప్రభుత్వమును, ప్రజాప్రతినిధులును, పౌరులును ఈ సంగతిని ఇకనైన గుర్తింతురుగాక!